గలాటా తీసేసిన క్యాసెట్టు

తిరుపతిలో ఇప్పుడు పాత క్యాసెట్టు పాడించగలిగేవాడు ఎవడున్నాడని అడిగితే, ఏ ఎలక్ట్రానిక్ అంగడివాడైనా కాసేపు తల గోక్కొని, కొర్లగుంట సందులో పాల్ అని ఒకాయన ఉన్నాడు, పోయి చూడండి అంటాడు. ఆ చెప్పేవాడికి పాల్ మీద గౌరవమేమీ ఉండదు. పాత సామాను పారెయ్యలేని మనిషి అన్న చులకన ఉంటుంది. పాల్ అంగడి చూసినా అట్లాగే అనిపిస్తుంది. ముందర మిక్సీలు, టేబుల్ ఫ్యాన్లు, కాలిపోయిన ఇస్త్రీ పెట్టెలు. వెనక అటక మీద రేడియో డబ్బాలు, పిక్చర్ ట్యూబులు, చిలుము పట్టిన మైకు హారన్లు. ముందర ఉండేది కూటికి, వెనక ఉండేది కోపానికి అని అతని పెళ్ళాం గ్రేసీ ఎగతాళి చేస్తుంది.

చక్రధర్ అట్లా దారి అడుక్కుంటూనే వచ్చాడు. మంచి ఎండాకాలం. కారు సందులో పట్టక రోడ్డు మీదే వదిలేసి, తెల్లచొక్కా వీపుకు అతుక్కుపోగా, చేతిలో ఒక కవరు పట్టుకొని గడప దగ్గర నిలబడ్డాడు. పాల్ మిక్సీ విప్పుతూ తలెత్తి చూశాడు. చూడగానే గుర్తుపట్టాడు. ముప్పై ఏళ్ళ పైమాట అయింది. తల బోడి అయింది, పొట్ట వచ్చింది. పైపెదవిని ఒక పక్కకు లాగి నవ్వే నవ్వు మాత్రం అట్లాగే ఉంది. పాల్ చేతిలోని స్క్రూడ్రైవరు జారి బల్లకింద పడింది. దానికోసం వంగినవాడు అవసరమైన దానికంటే కొంచెం ఎక్కువసేపే కింద ఉండిపోయాడు.

లేచేసరికి చక్రధర్ కూడా గుర్తుపట్టేశాడు. గుర్తుపట్టి సంతోషించాడు కూడా.

"నువ్వు మైకు పాల్ గదప్పా? మా నెల్లిమానుపల్లె భారతానికి మైకు కట్టేటోడివి. యాడికి పొయ్యి యాడ తేలినావప్పా" అంటూ స్టూలు లాక్కొని కూర్చున్నాడు.

పాల్ తల ఊపాడు.

చక్రధర్ చెప్పుకుపోయాడు. వాళ్ళ నాయన చిన్నబ్బ చనిపోయి చాలా ఏళ్ళయింది. భారతం మిట్ట మీద ఆయన పేరున సిమెంటు రంగస్థలం కట్టించాడు. ఈ ఏడు దుర్యోధన వధ నాడు దాన్ని తెరుస్తున్నారు. కార్వేటినగరం నుంచి పెద్దమనుషులు వస్తున్నారు. ఆ పక్క పల్లెల్లో ఎండాకాలం ద్రౌపదమ్మ గుడి ముందు భారతం జరుపుతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం. కడపటి రోజు పొద్దున నేలమీద దుర్యోధనుడి మట్టిబొమ్మను ఏనుగంత పొడవున పడుకోబెట్టి, వేషగాళ్ళు దాని చుట్టూ తిరిగి పద్యాలు పాడి, భీముడు బొమ్మ తొడ పగలగొట్టేదాకా ఊరు ఊరంతా ఎండలోనే నిలబడుతుంది. ఆ బొమ్మ ముందర చిన్నబ్బ దుర్యోధనుడు కట్టి పాడితే పక్క మండలాల నుంచి బండ్లు కట్టుకొని వచ్చేవాళ్ళు. ఈ ఏడు అదే మిట్ట మీద ఆయన గొంతే వినిపించాలని చక్రధర్ కోరిక.

కవరులోంచి క్యాసెట్టు తీసి బల్లమీద పెట్టాడు. దానికి పసుపూ కుంకుమా పెట్టి ఉన్నాయి. వాళ్ళమ్మ నిర్మలమ్మ దాన్ని దేవుడింట్లో పెట్టుకుందట. పాడించే మిషను చెడిపోయి ఎన్నేళ్ళయినా, దాన్ని మాత్రం రోజూ తుడిచి పెడుతుందట. నాయన గొంతు ఇంకెక్కడా లేదట.

"ఇది పోతే ఇంగ లేదప్పా. శుద్ధం చేసి ఇయ్యల్ల నువ్వు. పద్యం అయిపోయినాక ఏందో గలాటా ఉంటాది సూడు, జనం అరిసేది, అదీ ఇదీ. ఆ గలాటా తీసెయ్. పద్యం ఒగటే ఉండల్ల."

"ఏం గలాటా?" అన్నాడు పాల్. అంగడిలోకి ఆ మనిషి వచ్చినాక అతను అన్న మొదటి మాట అదే.

"ఏమో, యాడ గుర్తుండాది. పద్యం కాంగానే మేం ఆపేస్తా ఉంటిమి."

పాల్ అతని మొహంలోకి చూశాడు. దాపరికం ఏమైనా ఉందేమోనని వెతికాడు. లేదు. మనిషి నిజంగానే మర్చిపోయాడు. దాచుకొని ఉంటే పాల్ ఆ రోజు క్యాసెట్టు వెనక్కి తోసేసి ఉండేవాడేమో. మర్చిపోయాడని తెలిశాక క్యాసెట్టు తీసి సొరుగులో పెట్టుకున్నాడు. సరే, చేసిస్తానన్నాడు. పాడించేది కూడా తానే వచ్చి పాడిస్తానన్నాడు. ఫోన్లోకి ఎక్కిస్తే గొంతు పలచబడుతుంది, క్యాసెట్టు నుంచి నేరుగా హారన్లోకి ఇస్తేనే చిన్నబ్బ చిన్నబ్బలా వినబడతాడని చెప్పాడు. చక్రధర్ కళ్ళు చెమ్మగిల్లాయి. పాల్ చెయ్యి రెండు చేతులతో పట్టుకొని ఊపి పోయాడు.

ఆ చెయ్యిని పాల్ పంపు కింద పెట్టి కడుక్కున్నాడు.

జరిగింది ఏమిటంటే, పాల్ ఏడో తరగతితో బడి మానేసి, పాకాలలో ఒక రైల్వే సిగ్నల్ మేస్త్రీ వెంట తిరిగి రేడియో పని నేర్చుకున్నాడు. అది బతుకుతెరువు కోసం మొదలుపెట్టింది కాదు, పిచ్చి. పాడైన రేడియోల్లోంచి పీకిన సామానుతో సొంతంగా ఆంప్లిఫయరు కట్టి, అది మొదటిసారి పలికిన రోజు అన్నం తినకుండా దాని ముందే కూర్చున్నాడు. ఆ ఆంప్లిఫయరుతో, రెండు హారన్లతో చుట్టుపక్కల పల్లెలకు మైకు కట్టడం మొదలుపెట్టాడు. పెళ్ళిళ్ళు, తిరునాళ్ళు, ఎలక్షన్లు. కాలనీలో పుట్టిన పిల్లవాడు ఊళ్ళోకి పోతే "మైకు వచ్చినాడు" అని దారి ఇచ్చేవాళ్ళు. ఆ దారి అతనికి బాగా రుచించింది.

నెల్లిమానుపల్లెలో ఆ ఏడు దుర్యోధన వధ నాడు చక్రధర్ కొత్త టేపురికార్డరు తెచ్చుకున్నాడు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకటే వయసు. నాయన పద్యం పట్టాలని చక్రధర్ ఆత్రం. టేపురికార్డరును ఊరికే ముందు పెట్టి పడితే గాలి హోరు వస్తుందని ఎవడో చెప్పి ఉంటాడు. పాల్ నీళ్ళు తాగను పోయిన సమయం చూసి, ఆంప్లిఫయరు వెనక హారన్ వైరు పెరికేసి, ఆ చోటులో తన టేపురికార్డరు వైరు దూర్చాడు. హారన్లు రెండూ మూగపోయాయి. చిన్నబ్బ అప్పటికే పద్యం ఎత్తుకొని ఉన్నాడు. ఎత్తుకున్న పద్యాన్ని మధ్యలో దించే మనిషి కాదు. మిట్ట చివరిదాకా వినబడాలని గొంతు చించుకొని, నరాలు ఉబ్బి, మొత్తం పద్యం పూర్తిచేశాడు. చేసి, కిరీటంతో, భుజకీర్తులతో, గజ్జెలతో, ఉన్నవాడు ఉన్నట్టే దిగొచ్చి, పరిగెత్తుకొస్తున్న పాల్‌ను జుట్టు పట్టుకొని ఈడ్చి తన్నాడు. గదతో వీపు మీద కొట్టాడు. ఎంత కొట్టినా దుర్యోధనుడి వేషంలో ఉన్నాడు కాబట్టి, ఇదీ నాటకమేనని దూరంగా ఉన్న జనం చప్పట్లు కొట్టారు. నవ్వారు.

దెబ్బలు మానాయి. ఆ నవ్వు మాత్రం పాల్ చెవుల్లోంచి పోలేదు. ఆ తర్వాత ఏ పల్లెకు పోయినా పిల్లకాయలు "తన్నుల మైకు వచ్చినాడు" అనేవాళ్ళు. పిలిచేవాళ్ళు తగ్గిపోయారు. వైరు పెరికింది చక్రధర్ అని పాల్ చెప్పని మనిషి లేడు, నమ్మిన మనిషీ లేడు. మైకు సరిగ్గా కట్టలేక పెద్దింటి పిల్లోడి మీద వేస్తున్నాడన్నారు. సొంత నాయనే, నోరు మూసుకొని తిరుపతికి పో అన్నాడు. పాల్ తిరుపతికి వచ్చేశాడు. ఆ మిట్ట మళ్ళీ తొక్కలేదు. అతనికి ఆ ఊరినుంచి కావలసింది ఒక్క మాట. నేనే పెరికినా అని చక్రధర్ ఆ మిట్ట మీద, ఆ జనం ముందు అనాలి. ఆ మాట కోసం మనసులో ఎన్ని వేషాలు కట్టి ఎన్ని నాటకాలు ఆడాడో అతనికే తెలియదు.

క్యాసెట్టు చేతికొచ్చిన మర్నాడు, పాడించే మిషను కోసం పాల్ అటకెక్కాడు. దాన్ని లాగుతుంటే వెనకనుంచి బరువైనదేదో దొర్లి భుజం మీద పడింది. తీసి చూస్తే రింగు కాయిలు. సైకిలు చక్రమంత రాగితీగ చుట్ట. పైన నల్లగుడ్డ పట్టీ, ఒక పక్క నొక్కుడు స్విచ్చి. రంగుల టీవీలు కొత్తగా వచ్చిన రోజుల్లో తెరమీద మూలల్లో ఊదారంగు, పచ్చరంగు మరకలు పడేవి. దగ్గర్లో ఏ అయస్కాంతం ఉన్నా చాలు. అప్పుడు ఈ రింగును కరెంటుకు పెట్టి తెర ముందు గుండ్రంగా తిప్పుతూ వెనక్కి నడిస్తే మరకంతా కరిగిపోయేది. అంగట్లో కొంటే దొరికేది. పాల్ కొనలేదు. కాలిపోయిన మోటారులోంచి తీగ విప్పి, చుట్టు మీద చుట్టు తానే చుట్టాడు. చుట్టేటప్పుడు ఈల వేసేవాడు. పలచటి టీవీలు వచ్చాక దానితో పని లేకపోయింది.

దుమ్ము దులిపి ప్లగ్గులో పెట్టి స్విచ్చి నొక్కాడు. రింగు తేనెటీగల తుట్టెలా రొద చేసింది. బల్ల మీది మేకులు వణికాయి. వేడెక్కిన వార్నీషు వాసన వచ్చింది. పాత మనిషి ఎదురొచ్చి పేరు పెట్టి పిలిచినట్టయింది పాల్‌కు. ఎన్నాళ్ళ తర్వాతో చేతులు వాటంతట అవే గుండ్రంగా తిరిగాయి.

ఆ రొదకు గ్రేసీ లోపలినుంచి వచ్చింది. అలిపిరి దగ్గర యాత్రికుల వసతి గదుల్లో పక్కలు మార్చే పని ఆమెది. ఆ రోజు సెలవు. రింగును చూసి మూతి ముడిచింది.

"ఇదింగా బతికే ఉండాదా? నా దేవుని పాటలన్నీ మింగిన శని ఇది."

ఆమె అన్నది నిజమే. పెళ్ళయిన కొత్తలో రింగును ఆమె క్యాసెట్ల పక్కన నొక్కాడు. అయస్కాంతం మీదే కదా టేపు పాట నిలిచేది. అన్నీ తుడుచుకుపోయి ఉత్త బుస్సుమనే చప్పుడు మిగిలింది. ఆమె చాలా రోజులు మాట్లాడలేదు. ఆ సంగతి గుర్తొచ్చి పాల్ చెయ్యి ఆగిపోయింది. రింగు వైపు చూశాడు. సొరుగు వైపు చూశాడు.

ముందు క్యాసెట్టు పెట్టి విన్నాడు. చంపేముందు మొహం చూడాలి కదా. హార్మోనియం, ఆ వెనక చిన్నబ్బ గొంతు. పాల్ తల వంచుకొని విన్నాడు. ఆ మనిషి మీద ఎంత విషమున్నా ఆ గొంతును కాదనలేకపోయాడు. హారన్లు చచ్చిపోవడం వల్లే ఆ పద్యం అట్లా వచ్చింది. మైకు ఉంటే తీరిగ్గా పాడి ఉండేవాడు. లేదు కాబట్టి ప్రాణం పెట్టాడు. పద్యం అయిపోయింది. పాల్ చెయ్యి ఆపే బొత్తాము మీదికి పోయి, అక్కడే ఉండిపోయింది.

ఆ తర్వాతిది మొదలైంది. చక్రధర్ ఆత్రంలో టేపు ఆపడం మరిచాడు. మైకు ఎక్కడిదక్కడే ఉంది. కాళ్ళ చప్పుడు. చిన్నబ్బ అరుపు. తన్ను. ప్రతి తన్నుకూ గజ్జెల మోత. పల్చటి పిల్లవాడి గొంతు ఒకటి, "సామీ, నేను గాదు సామీ, చిన్నసామి పెరికినాడు సామీ, ఆ టేపురికార్డరు సూడు సామీ" అని ఏడుస్తోంది. అది తన గొంతేనని తెలియడానికి పాల్‌కు కాస్త సమయం పట్టింది. తర్వాత చిన్నబ్బ ఎగరొప్పుతూ, "చక్రా, నువ్వు ముట్టినావా దాన్ని?" వెంటనే, మైకుకు బాగా దగ్గరగా, "లేదు నాయనా. నేను ముట్టనే లేదు." మళ్ళీ గజ్జెలు. చప్పట్లు. నవ్వు. చివరికి ఆ పిల్లవాడు ఏడుస్తూనే వచ్చి హారన్ వైరు దాని చోటులో పెట్టాడు కాబోలు, టక్కుమని చప్పుడంతా ఆగిపోయింది.

గలాటా అంటే ఇదీ.

గ్రేసీ గడప మీద కూర్చుని అంతా వింది. మొగుడు చెప్పగా వినడం వేరు, ఇది వేరు. కొంగుతో మొహం తుడుచుకుంది. నీ కోపం కొట్టినాయన మీదనా, పెరికినోడి మీదనా అని అడిగింది.

"కొట్టినోడు సచ్చినాడు. అబద్ధం చెప్పినోడు బతికుండాడు" అన్నాడు పాల్.

"అయితే ఈ కడపటిది ఊరికి ఇనిపించు. ఆ పద్యం నిన్నేం చేసింది?"

పాల్ క్యాసెట్టును మిషన్లోంచి బయటికి తీశాడు. పద్యం ఉంటే జనం పద్యమే వింటారన్నాడు. అంత బాగా పాడిన మనిషి ఒకటి కొడితే ఏమిలే అంటారన్నాడు. నన్ను తన్నినప్పుడు కూడా అట్లాగే అనుకున్నారన్నాడు. వాడికి ఒకటి పోవాలి, తిరిగి తెచ్చుకోలేనిది పోవాలి అని చివరికి అసలు మాట అన్నాడు.

ఆదివారం ప్రార్థన నుంచి వచ్చాక పని పెట్టుకున్నారు. రికార్డు బొత్తాము నొక్కి చెరిపితే మొదట్లో చివర్లో టక్కుమన్న మచ్చ పడుతుంది. చెయ్యి పెట్టారని తెలిసిపోతుంది. రింగుతో చెరిపితే కాలమే తినేసినట్టు ఉంటుంది. అయితే రింగుకు విచక్షణ లేదు, దగ్గరున్నదంతా మింగేస్తుంది. పాల్ క్యాసెట్టును పద్యం ముగిసిన చోట ఆపి, మరలు విప్పాడు. పాడిన భాగం ఒక చక్రం మీద, పాడనిది ఇంకో చక్రం మీద ఉంటాయి. రెండోదాన్ని మెల్లగా ఎత్తి గ్రేసీ అరచేతిలో పెట్టాడు. ఆమె టేపును వదులు చేసుకుంటూ వెనక్కి వెనక్కి నడిచి, గడప దాటి, వాకిట్లో ఎండలో నిలబడింది. ఇద్దరి మధ్య గోధుమరంగు టేపు పురికొసలా గాలికి ఊగింది.

"నా సేతిలో ఉండేది ఏది?" అని అక్కడినుంచి అడిగింది గ్రేసీ.

"నా తన్నులు."

ఆమె అరచెయ్యి కొంచెం పైకీ కిందికీ ఆడించి చూసింది. "బరువే లేదే" అంది.

పాల్ రింగు నొక్కాడు. పద్యం ఉన్న చక్రం మీద గుండ్రంగా తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ మెల్లగా వెనక్కి జరిగి, చెయ్యి చాచినంత దూరం పోయాక స్విచ్చి వదిలాడు. దగ్గరుండగా వదిలితే మరక మిగులుతుంది. ఏ మరకా మిగలకూడదు. ఇంకోసారి తిప్పాడు. అతని మొహంలో ఈల వేసే కుర్రవాడి కళ ఒకటి వచ్చి పోయింది. గ్రేసీ అది చూసి తల తిప్పుకుంది.

దుర్యోధన వధ నాడు పొద్దున పాల్ తన పాత హారన్లతోనే నెల్లిమానుపల్లె మిట్ట ఎక్కాడు. కుర్రవాళ్ళెవరూ అతన్ని గుర్తుపట్టలేదు. గుర్తుపట్టగల ముసలివాళ్ళకు కళ్ళు ఆనవు. వైర్లన్నీ తానే కట్టుకున్నాడు. ఆంప్లిఫయరు వెనకభాగం గోడకు ఆనించి, ఎవరి చెయ్యీ దూరకుండా దాని ముందు తానే కూర్చున్నాడు. నేలమీద మట్టి దుర్యోధనుడు కళ్ళు పెద్దవి చేసుకొని ఆకాశంలోకి చూస్తున్నాడు. రంగస్థలం మీద ఒక పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నిర్మలమ్మను కూర్చోబెట్టారు. ఆమెకు పూలదండ వేస్తే తీసి ఒళ్ళో పెట్టుకుంది.

చక్రధర్ మైకులో చాలాసేపు మాట్లాడాడు. నాయన కళ గురించి, క్రమశిక్షణ గురించి, ఊరికోసం ఆయన పడ్డ తపన గురించి. చివర్లో, మన పాత మైకు పాల్ ఎంతో అభిమానంతో నాయన గొంతును మళ్ళీ బతికించి తెచ్చినాడని చెప్పి, అతనికి చప్పట్లు కొట్టించాడు. అదే మిట్ట, అవే చప్పట్లు. పాల్ లేచి దండం పెట్టి, కూర్చుని, పద్యం చివరిదాకా ముందే తిప్పి పెట్టుకున్న క్యాసెట్టుకు బొత్తాము నొక్కాడు.

మొదట బుస్సుమని ఉత్త చప్పుడు. జనం ఊపిరి బిగబట్టారు. చక్రధర్ పాల్ వైపు చూశాడు. పాల్ ఆగమన్నట్టు చెయ్యెత్తాడు. అప్పుడు హారన్లు రెండూ ఒక్కసారిగా తన్ను శబ్దాన్ని, గజ్జెల మోతను మిట్టంతా కుమ్మరించాయి. చిన్నబ్బ గొంతు గర్జించింది. దాని కింద పిల్లవాడి ఏడుపు.

పాల్ జనం మొహాల్లోకి చూశాడు. ఇన్నేళ్ళుగా ఆ మొహాలు మాడిపోవడం ఊహించుకొని బతికాడు. అవి వెలిగిపోతున్నాయి. ఈ ఏటి దుర్యోధనుడు కిరీటం తీసి హారన్‌కు దండం పెట్టాడు. కార్వేటినగరం పెద్దమనిషి ఒకాయన తొడ చరిచి, వేషమంటే ఇదీ, ఆ రౌద్రం ఇప్పుడెవరికి వస్తుందన్నాడు. "సామీ, సామీ" అన్నప్పుడల్లా ఆడవాళ్ళు నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వారు. వీధినాటకంలో హాస్యగాడు ఉంటాడు కదా, రాజు చేత తన్నులు తినేవాడు. ఆ హాస్యగాడెవరో గానీ బాగా చేశాడే అని ఎవరో అన్నారు. చప్పట్లు మొదలయ్యాయి.

పాల్‌కు అప్పుడు అర్థమైంది. పద్యం చెరిపేశాడు. తన్నులను వీళ్ళు పద్యం చేసుకుంటున్నారు. చచ్చినవాడు రెండోసారి తన్నుతున్నాడు, ఊరు రెండోసారి నవ్వుతోంది. మైకు అందుకొని అరవాలనుకున్నాడు. అది చక్రధర్ ముందు ఉంది. చక్రధర్ ఒక్కడే నవ్వడం లేదు. పైపెదవి వేలాడింది. "లేదు నాయనా. నేను ముట్టనే లేదు" అని అతని పడుచు గొంతే నెత్తిమీద నుంచి వచ్చి పడింది. మళ్ళీ గజ్జెలు మోగి, టక్కుమని చప్పుడు ఆగింది.

నిర్మలమ్మ కుర్చీ పట్టుకొని లేచింది. దండ కిందపడింది. రెండు అడుగులు వేసి కొడుకు ముందున్న మైకు కమ్మీ పట్టుకుంది.

"నవ్వొద్దండి" అంది. ముసలి గొంతు హారన్లలో వణికింది. "ఇది వేషం గాదు. ఈ గొంతు నేను ఇంట్లో ఇన్న గొంతు. వేషం కట్టినప్పుడు ఆయన ఇట్లా అరిసేటోడు గాదు."

నవ్వులు ఒక మూల ఆగాయి. ఇంకో మూల ఆగాయి. ఆమె కొడుకు వైపు తిరిగింది.

"చక్రా. ఆ పొద్దు మీ నాయన అడిగింది నేనడగతా ఉండా. నువ్వు ముట్టినావా దాన్ని?"

చక్రధర్ మైకును చేత్తో మూయబోయాడు. పాల్ సౌండు పెంచాడు. ఊపిరి కూడా హారన్లో వినబడింది. ఊరు, పెద్దమనుషులు, వేషగాళ్ళు, అందరూ అతని నోటివైపే చూశారు.

"ముట్టినా" అన్నాడు చక్రధర్. తల్లి ఇంకా చూస్తూనే ఉంది. "నేనే పెరికినా. నాయన సంపేస్తాడని సెప్పలేదు."

ఆ మాట రెండు హారన్లలో మిట్ట దిగి, చెరుకు తోటల మీదుగా కాలనీ దాకా పోయింది. పాల్ కళ్ళు మూసుకున్నాడు. ఛాతీలో ఎన్నేళ్ళుగానో బిగించి పెట్టుకున్న మర ఒకటి వదులయింది. ఏడుపు రాలేదు. హాయిగా ఉంది. హాయిగా ఉందని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

చక్రధర్ మైకు వదిలేసి అతని దగ్గరికి వచ్చాడు. పిలుపులో 'అప్పా' పోయింది, 'రా' వచ్చింది.

"పద్యం యాడరా?"

"గలాటా తీసేయమంటివి గదా సామీ" అన్నాడు పాల్, కూర్చున్న చోటినుంచి లేవకుండానే. "నాకు తెలిసిన గలాటా తీసేసినా."

చక్రధర్ చెయ్యి లేచింది. లేచిన చెయ్యి గాల్లోనే ఉండిపోయింది. జనమంతా చూస్తున్నారు, ఇప్పుడు ఎవరూ దీన్ని నాటకమనుకోవడం లేదు. చెయ్యి దించి, మెట్లు దిగి, కారు దగ్గరికి కూడా పోకుండా పొలాల గట్టు మీద నడుచుకుంటూ పోయాడు. భీముడు ఎప్పుడో మొదలుపెట్టాల్సింది, ఎవరో గుర్తుచేస్తే పోయి మట్టిబొమ్మ తొడ పగలగొట్టాడు. ఆ ఏడు ఎవరూ కేకలు వెయ్యలేదు.

పాల్ హారన్లు దించి వైర్లు చుట్టుకుంటుంటే నిర్మలమ్మ దగ్గరికి వచ్చింది. పక్కనున్న ఆడమనిషిని దూరంగా ఉండమంది.

"అబ్బా, నువ్వు తీసేముందు ఆ పద్యం ఉన్నిందా దాంట్లో?"

"ఉన్నిందమ్మా."

"ఇన్నావా?"

"ఇన్నా."

"ఎట్లుండె?"

అబద్ధం చెబితే ఆమెకు సులువు. పాల్ వైరు చుట్టడం ఆపాడు. "అట్లా ఇంగెవురూ పాడలేరమ్మా" అన్నాడు.

ఆమె తల ఊపింది. తర్వాత, ఎవరితోనో ఇంటి సంగతి చెప్పినట్టు, మెల్లగా చెప్పింది. "ఆ పద్యం పాడుకునే పొద్దు ఆయన ఇంట్లో ఎవురినీ కొట్టేటోడు గాదు. అందుకే దేవుడింట్లో పెట్టుకుంటి."

ఆమె కొడుకు పోయిన గట్టు వైపు కాకుండా, ఊళ్ళోకి నడిచిపోయింది. పాల్ ఆమె వీపు వైపే చూస్తూ నిలబడ్డాడు. పిలిచి, పద్యం చెరిపింది తప్పేనని ఒక మాట చెప్పుకోవాలనిపించింది. నోటిదాకా వచ్చింది కూడా. ఆమెకు చెప్పుకున్న తప్పులో సగం ఆమె కొడుక్కి పోతుంది. అది ఇయ్యడానికి అతనికి మనసొప్పలేదు. నోరు మూసుకొని, హారన్లు భుజానికెత్తుకొని, ఊరి నడివీధిలోంచే నడిచి పోయాడు.